జహాజు దావతుకు అంగి

"చినిగిన దోతే కట్టుకొని పో అంటున్న. ఇన్నవా లేదా?"

"ఇన్న గని నర్సింగా, జహాజు మీద బువ్వ అంటుండ్రు గదనే. చినిగింది ఎట్ల కట్టుకపోవాలె?"

కృష్ణ మీద పెద్ద కట్ట లేచి ఎర్రగుంటపాడును ముంచిన మూడో ఏడు, శ్రావణమాసం, మధ్యాహ్నం దాటిన వేళ. కొత్త కాలనీలో కాటమయ్య రేకుల ఇంటి ముందు నులకమంచం మీద రెండు జతల బట్టలు పరిచి ఉన్నాయి. మూడో జత, దాన్ని జత అనగలిగితే, కాటమయ్య ఒంటి మీదే ఉంది. పక్కన నిలబడ్డది అతని భార్య నర్సింగమ్మ. ఎదురుగా, ఆమెకు వరుసకు తమ్ముడయ్యే, ముంపు భూముల ఆఫీసు జవాను ఐలేశం. కట్ట వెనక నీళ్ల మీద పెద్ద పడవలో, వాళ్ల మాటలో జహాజులో, ఆ రాత్రి సర్కారు విందు; పొద్దు గుంకేలోగా ఏదో ఒక జత తేలాలి. తమకు రావలసిన మూడెకరాలు ఆ జతను బట్టే వస్తాయని, లేదా పోతాయని, నర్సింగమ్మ గట్టి నమ్మకం.

"సూసెటోళ్లకు తెల్వాలె గదయ్యా, మనం ఎట్ల బతుకుతున్నమో. నిగనిగలాడుకుంట పోతె నీకేం తక్కువ అంటరు."

"అక్కా, జర నా మాట ఇను. గది కట్టుకుంటె బావను జహాజు ఎక్కనియ్యరు."

"ఎవరు ఎక్కనియ్యరు ఐలేశం? పిలువనొచ్చింది నువ్వే గద?"

"పిలువనొచ్చింది నేనే. ఎక్కనిచ్చెటోన్ని నేను గాదు. నిచ్చెన కాడ ఇద్దరు పోలీసోళ్లు ఉంటరు. మీద పట్నం పెద్దసారు, ఇంజనీర్లు, వాళ్ల ఆడోళ్లు. మేజల మీద తెల్లగుడ్డలు పరిచిండ్రు. పొద్దుగాల నేనే ఇస్త్రీ చేపిచ్చుకొచ్చిన. గంత తెల్లటి గుడ్డ ముందట బావ గీ దోతి తోని కూసుంటె..."

"కూసుంటె ఏమైతది? గుడ్డ మాస్తదా?"

"మాస్తదనే వాళ్ల బయం."

"మా ఇల్లు, మా చేను నీళ్లల్ల మునిగితె ఎవ్వనికి ఏం మాసలేదు. గుడ్డ మాస్తదట, గుడ్డ!"

"మెల్లగనే. పక్కింటోళ్లు ఇంటరు."

"ఇననీ. వాళ్లదేమన్న ఒడ్డున మిగిలిందా? వాళ్లదీ మునిగిందే."

"అసలు నన్నెందుకు పిలిచిండ్రుర ఐలేశం? ఊరి మొత్తంల నేనే దొరికిన్నా?"

"మునిగిన ఊరికి ఒకరిని తీస్కుంటుండ్రు బావా. పది ఊళ్లకు పది మంది. పెద్దసారు తోని కలిసి తినాలె. అందరు మంచిగున్నరా అని ఆయన అడుగుతడు."

"అడుగుతడా? ఆయన నోటి తోని ఆయనే?"

"అడుగుతడనే అంటుండ్రు."

"ఇగో, ఇను. మూడేండ్లు కాళ్లరిగేటట్టు తిరిగినం ఆఫీసు సుట్టు. ఎట్లున్నవని ఒక్కడన్న అడిగిండా? గీయాల అడుగుతడట. అడిగిన యాళ్లకు చెంచ నాక్కుంట కూసోకు. ఏం చెప్పుతవు? చెప్పు, ఇంటా."

"నిన్నటికెల్లి వందసార్లు చెప్పిన గదనే."

"వందొక్కటోసారి చెప్పు."

"సారూ, మాది ఎర్రగుంటపాడు."

"ఆ."

"ఏటి ఒడ్డుకు మూడెకరాలు ఉండె. మునిగింది."

"ఆ."

"బదులు మూడెకరాలు ఇస్తమన్నరు."

"అన్నరు గాదు. రాసిచ్చిండ్రు. రాసిచ్చిండ్రు అను."

"రాసిచ్చిండ్రు. ఇయ్యలే. నలభై తాటిచెట్లు గూడ మునిగినయి సారూ, ఒక్కొక్క తాడు..."

"అగో! మళ్ల తాళ్ల ముచ్చట తెచ్చినవా?"

"మునిగినయి గదనే. మొగులుకు తాకేటి తాళ్లు. నాయిన గీసినయి, తాత గీసినయి. కల్లు గీసుడు తప్ప నాకింకేం వస్తది? గీ గట్టు మీద తాడు గాదు, తుమ్మ గూడ మొలువది. కంకర గొట్టి గొట్టి చేతులు జూడు."

"తాళ్లు సర్కారియి అంటరు. అడిగితె నవ్వుతరు. నవ్వితె ముచ్చట ఆడ్నే ఆగిపోతది. భూమి ఒక్కటే అడుగు. గంతే. భూమి."

"భూమి."

"ఆ. భూమి."

"అక్కా, పొద్దు వాల్తాంది. బట్టల ముచ్చట తేల్చుండ్రి ముందుగల."

"నర్సింగా, గిట్ల జేద్దామా? బిడ్డ పెండ్లప్పటి దోతి ఉండనే ఉన్నది. తెల్లది. మనది మనం కట్టుకుంటె ఎవనికేం బాధ?"

"దానికి అంచు ఉన్నది గద. గింత ఎడల్పు ఎర్రంచు. అంచు దోతి కట్టినోనికి భూమెందుకు అంటరు."

"గట్లెందుకు అంటరు?"

"అనకుంటరా? పోయినేడు నా కమ్మల ముచ్చట మర్చిపోయినవా? గా ఆఫీసు గుమస్తా నా చెవులు జూసిండు. 'బంగారి కమ్మలు పెట్టుకున్నవు, నీకేం కొదవ' అన్నడు. తెల్లారి కమ్మలు తీసి పోయిన. మళ్ల సూసిండు. 'గీమెకు భూమిస్తె దున్నుకునే తాకతు యాడున్నది' అన్నడు. పెట్టుకుంటె గట్ల, తీస్తె గిట్ల. ఏం పెట్టుకొని పోవాలెనో నువ్వే చెప్పు."

"ఒక చెవుకు పెట్టుకొని పోవాల్సుండె."

"పరాష్కాలు ఆడకు. కడుపు మండుతాంది."

"గందుకే అక్కా, నేను చెప్పేది. గీ లొల్లి ఉంటదనే ఆఫీసోళ్లు బట్టలు పంపిండ్రు. తెల్ల దోతి, తెల్ల అంగి, ఎర్ర రుమాలు. పది మందికి ఒక్కతీరు."

"ఒక్కతీరు ఎందుకు?"

"సూడనీకె మంచిగుంటది."

"గంగిరెద్దుకు తొడిగినట్టు."

"గట్ల అనకక్కా. మర్యాద కోసమే. బావా, ఒక్కసారి అంగి ఏసుకొని జూడు. ఏసుకుంటె ఏం పోతది?"

"ఏదీ, ఇటు తే... ఇదేందిర ఐలేశం, గింత పెద్దగున్నది? నేను, నువ్వు, ఇద్దరం పడ్తం ఇండ్ల."

"చేతులు మడుసు బావా. ఆ, గట్ల. రెండు మడతలు."

"మెడకాడ బొత్తం లేదు."

"రుమాలు కొంగు అడ్డమొస్తది. కనపడది."

"నర్సింగా, ఎట్లున్న?"

"నువ్వు నువ్వు లెక్క లేవు."

"మంచిగున్ననా లేనా అని అడుగుతున్న."

"మంచిగున్నవు. అదే బయమైతాంది."

"గని ఇది కొత్తది గాదుర. చెమట వాసనొస్తాంది. గీడ పొట్ట మీద పసుపు మరక."

"పసుపు గాదు బావా. పప్పు మరక. ఉతికినా పోలే."

"పప్పని నీకెట్ల ఎరుక?"

"...రుమాలు ఏదీ, నేను సుట్టిస్త. తల వంచు."

"తమ్మీ, గీ అంగి ఇదివరకు ఎవరేసుకున్నరు?"

"ఎవరో అక్కా. ఎవరో ఒకరు."

"ఎవరో ఒకనికి పేరుంటది గద."

"అవతలి కాలనీ గాలయ్య."

"సోమమ్మ పెనిమిటి గాలయ్యా?"

"ఆయనే."

"పోయిన యాడాది పెద్దసారు పక్కకు కూసొని తిన్నోడు?"

"ఆయనే అక్కా. గప్పుడు జహాజు లేదు. కట్ట మీద డేరా ఏసిండ్రు."

"గాలయ్యకు భూమొచ్చిందా?"

"బావా, జర తల నిలబెట్టు. జారుతాంది."

"భూమొచ్చిందా అని అడుగుతున్న ఐలేశం."

"రాలే."

"రాదు. ఎట్లొస్తది? సోమమ్మ నాకు అంగట్ల చెప్పుకుంట ఏడ్సింది. ఆమె ఆఫీసుకు పోయినప్పుడల్ల గోడ మీది ఫోటువ చూపెడ్తరట. 'గిదో నీ మొగడు, తెల్లబట్టలు ఏసుకొని పెద్దసారు తోని నవ్వుకుంట లడ్డు తింటుండు. గీనెకేం తక్కువ?' అంటరట. గాలయ్య నవ్వనే లేదట. లడ్డు పెద్దగుంటె నోరు గట్ల సాగిందట."

"మరి గా అంగే తెచ్చినవార నాకు?"

"ఇంకోటి లేదు బావా. పది జతలే కుట్టిచ్చిండ్రు. అవే తిరుగుతుంటయి."

"ఇప్పు. ఇప్పెయ్యి అంగి."

"అక్కా, గట్లంటె ఎట్ల?"

"నా మొగని ఫోటువ నేను ఆఫీసు గోడ మీద సూడను. ఇప్పయ్యా."

"ఎర్రగుంటపాడు కుర్సి ఖాళీగుంటె నా నౌకరి పోతదక్కా. కాటమయ్య పేరు చెప్పింది నేనే. 'మా బావ మంచోడు, అడ్డం మాట్లాడడు' అని చెప్పిన."

"ఓహో. అడ్డం మాట్లాడడని చెప్పినవా?"

"మంచికే చెప్పిన. లేకుంటె పిలుస్తరా?"

"నేను పోనే పోనంటనే నర్సింగా. లొల్లే లేదు. నాకు కుర్సి మీద కూసోవుడు గూడ రాదు. కాళ్లు యాడ పెట్టాలె?"

"కిందనే పెట్టాలె బావా. మడిసి మీద పెట్టుకోకు."

"ముండ్ల చెంచ ఉంటదట గద, గడ్డికొంకి లెక్క. నోట్లె గుచ్చుకోదా?"

"చేత్తోనే తిను. ఎవరేమనరు. కోడికూర ఉంటది, బగారన్నం ఉంటది."

"కల్లు ఉంటదా?"

"కల్లెట్లుంటది బావా? గాజు గిలాసలల్ల నీళ్లు పోస్తరు. ఏటి నీళ్లే, కాగపెట్టి సల్లార్చినయి."

"మా ఊరు మింగిన నీళ్లు మళ్ల నాతోనే తాపిస్తరా?"

"తాగకుంటె ముట్టకు బావా. గిలాస గట్లనే ఉండనీ."

"జహాజు ఎటు పోతదిర?"

"ఎటో పోతది బావా. కట్ట కాడికెల్లి లోపటికి."

"ఎటో అంటె ఎటు? నీకెరుకే. చెప్పు."

"మన ఊరి మీదికెల్లే. ఎర్రగుంటపాడు కాడ నీళ్లు లోతట. ఆడ నిలబెట్టి, దీపాలు ఏసి, బువ్వ పెడ్తరు."

"అంటె మా ఇంటి మీద కూసొని తింటరా?"

"ఇల్లు యాడున్నదక్కా ఇప్పుడు? అంత బురద."

"తాళ్ల మొవ్వులు జహాజు అడుగుకు తగులుతయి. జర వాళ్లకు చెప్పుర ఐలేశం. ఈత చెట్లంటె పొట్టియి గని, తాళ్లు శాన ఎత్తు. తగిలితె జహాజు..."

"తగులవు బావా. మొవ్వులు ఎప్పుడో కుళ్లి ఇరిగినయి."

"కుళ్లినయా?"

"రెండేండ్లు నీళ్లల్ల ఉంటె కుళ్లవా?"

"నాకు చెప్పలే ఎవ్వరు."

"చెప్పితె ఏం జేస్తవయ్యా? మోకు కట్టుకొని నీళ్లల్లకు దిగుతవా? ఇగ ఆ తాళ్ల ముచ్చట ఇడిసిపెట్టు. నా దిక్కు జూడు."

"సూస్తున్న. గిదో అంగి ఇప్పుతున్న. నేను పోను. గాలయ్యకు రానిది నాకొస్తదా? కంకర కొట్టుకుంట బతుకుదాం. బతుకుతలేమా?"

"ఎన్నేండ్లు? నీ చేతులు గట్లనే ఉంటయా? మొన్న సుత్తె జారి వేలు నలిగె. రేపు కన్ను పోతది. భూమి లేకుంటె మనకు సచ్చేదాంక కంకరే. పెద్దసారు మూడేండ్లకు ఒక్కసారి మనల్ని అడుగుతనంటుండు. మళ్లెప్పుడు అడుగుతడు? నువ్వుంటవా, నేనుంటనా?"

"మరి ఏం జెయ్యమంటవే? చినిగింది కడితె ఎక్కనియ్యరని ఐలేశం అనె. మనది కడితె భూమెందుకంటరంటివి. వాళ్లది తొడిగితె ఫోటువ అంటివి. బట్టల్లేకుంట పోవాలెనా?"

"ఆగు."

"ఏంది?"

"ఆగు, ఆగు. ఇప్పకు. ఆ అంగి ఇప్పకు."

"ఇప్పుమంటివి, ఇప్పొద్దంటివి."

"అంగి పెద్దగున్నదన్నవు గద. ఇద్దరు పడ్తరన్నవు. మంచిదే అయింది. లోపల నీ చినిగిన బనీను గట్లనే ఉండనీ. నీ దోతి గట్లనే ఉండనీ. దాని మీదనే వాళ్ల దోతి సుట్టు. పోలీసోళ్లకు తెల్లయే కనపడ్తయి. ఎక్కనిస్తరు. ఎక్కు. కూసో. పెద్దసారు నీ కాడికొచ్చి, ఎట్లున్నవయ్యా అంటడు. అంటడు గద ఐలేశం?"

"అంటడు... అంటడేమో."

"అనంగనే నువ్వు లేసి నిలబడు. బొత్తాలు ఇప్పు. అంగి ఇప్పి కుర్సి మీద పెట్టు. దోతి ఇప్పి దాని మీద పెట్టు. బొక్కలు పడ్డ బనీను, మోకాళ్ల దాంక దోతి. గట్ల నిలబడి చెప్పు: 'గిట్లున్న సారూ.'"

"అక్కా!"

"ఏందిర?"

"గట్ల జెయ్యొద్దు. నీకు దండం పెడ్త. ఆడ ఆడోళ్లుంటరు."

"ఆడోళ్లు మొగోని బనీను సూడలేదా?"

"పరువు పోతది."

"ఎవరిది?"

"బావా, నువ్వన్న చెప్పు అక్కకు. ఎవడన్న గట్ల జేస్తడా? పెద్దోళ్ల ముందట బట్టలిప్పుతడా?"

"గిట్లున్న సారూ."

"బావా!"

"ఉండుర. నోరు తిరుగుతదా లేదా సూసుకుంటున్న. గిట్లున్న సారూ."

"మెల్లగ గాదయ్యా. నాకే ఇనపడ్తలేదు. జహాజు మీద మిషిను సప్పుడు ఉంటది."

"గిట్లున్న సారూ!"

"అగో! గిప్పుడు నువ్వు నువ్వు లెక్క ఉన్నవు. తాడు మీదికెల్లి ఒర్రితె ఏటవుతలి ఊరికి ఇనపడేది నీ గొంతు. మూడేండ్లయింది నేనిని."

"నాకు గూడ యాదికి లేకుండె నర్సింగా. ఇంక ఉన్నది లోపల."

"నవ్వకు మరి. ఫోటువ తీస్తరు."

"నవ్వొస్తాందే. పెద్దసారు మొకం ఎట్లుంటదో అనుకుంటె నవ్వొస్తాంది."

"ఆయన మాట్లాడి పోయేదాంక లడ్డు ముట్టకు."

"ముట్టను. కోడికూర?"

"అది తిను. లడ్డు ఒక్కటే ముట్టకు."

"మూడెకరాలొస్తె, నర్సింగా, గట్ల మీద తాటిముట్టెలు పాతుత. సుట్టూత."

"ముట్టె పాతితె ఎన్నేండ్లకు కల్లొస్తది?"

"ఇరవై, ఇరవై అయిదేండ్లు."

"నువ్వుంటవా గీసనీకె?"

"నేను లేకున్నా తాడుంటది గద. ఎవడో ఒకడు ఎక్కుతడు."

"సరే. పాతుకో. నేను నీళ్లు పోస్త."

"బావా, మీద మీద ఏసుకుంటె ఉబ్బరిస్తది. దిమ్మ తిరిగి పడిపోతవు."

"తాడెక్కి దిగినోన్ని, ఉబ్బరానికి పడిపోతనార? రుమాలు సుట్టు నువ్వు."

"అక్కా, ఇంకోసారి ఆలోచన జెయ్యి. పెద్దసారుకు కోపమొస్తె? కాటమయ్యది కాయిదం తెమ్మని ఆఫీసోళ్లను అడిగితె?"

"అడగనీ. గదే గద మనకు కావాల్సింది. తెప్పియ్యనీ కాయిదాలు. భూమి ఇయ్యలేదని తెలుస్తది."

"కాయిదాల జోలికి పోవద్దక్కా."

"నీకేమైంది ఐలేశం? గట్ల చెమటలు పోస్తున్నయి?"

"ఎండక్కా."

"మబ్బు పట్టి ఉన్నది. ఎండ యాడిది?"

"నడిసొచ్చిన గద. అయితె నేను పోయి బావను తీస్కపోయే జీపు వచ్చిందేమో సూసొస్త."

"జీపు వస్తె సప్పుడు ఇనపడ్తది. ఉండు. దోతి సుట్టనీకె ఒక చెయ్యి పట్టు. ఓ అయ్యా, ఇప్పేటప్పుడు గుంజకు, అందరి ముందట చిక్కుపడితె నవ్వుతరు."

"మెల్లగనే ఇప్పుత. చినిగితె మన మెడకే సుట్టుకుంటది. వేలుముద్ర గూడ ఏసిన."

"ఏం వేలుముద్ర?"

"గీ బట్టలకే. సర్కారు బట్టలు, తెల్లారి వాపసియ్యాలె అని."

"ఎవరికి ఏసినవు?"

"ఎవరికేంది, ఐలేశంకే. మొన్న కంకర కాడికొచ్చిండు గద కాయిదం పట్టుకొని, సిరాడబ్బి పట్టుకొని. బట్టలు ముట్టినయని ముద్ర ఏయి బావా అన్నడు. ఏసిన. దోతికి తుడుసుకున్నా ఇంక నల్లగనే ఉన్నది, గిదో బొటనేలు."

"బట్టలు గీయాల తెచ్చిండు. ముద్ర మొన్ననే ఎందుకు?"

"ముందుగల ఏపిచ్చుకుంటరక్కా. ఆఫీసుల గదే రివాజు."

"మన ఊళ్లె సాకలి బీరమ్మ పెండ్లిళ్లకు, పేరంటాలకు ఎంతమందికి బట్టలు ఇయ్యలే? ఎన్నడన్న ముద్ర అడిగిందా?"

"ఆమె వేరు, సర్కారు వేరు."

"గాలయ్య ఏసిండా ముద్ర, గీ అంగి కోసం?"

"పోయినేడు ముచ్చట నాకేం తెలుసు?"

"పప్పు మరక ముచ్చట తెలుసు గని ముద్ర ముచ్చట తెల్వదా? ఏసిండా?"

"...లేదు."

"గీయాల పోయేటోళ్లు మిగిలిన తొమ్మిది మంది ఏసిండ్రా?"

"లేదక్కా."

"నా మొగడొక్కడే ఏసిండా?"

"ఏమైతాందే నర్సింగా? పిల్లగాన్ని గట్ల గట్టిగ అడుగుతవేంది? ముద్రనే గద."

"నువ్వు ఆగు. ఐలేశం, నా మొకం జూడు. మీ అమ్మ పోయినంక ఎవరింట్ల తిన్నవు?"

"నీ ఇంట్లనే అక్కా."

"ఎవరు పంపితె బడికి పోయినవు?"

"నువ్వే."

"సదువొస్తదా నీకు?"

"వస్తది."

"గా కాయిదం సదివినవా?"

"సదివిన."

"ఎన్ని జతలని రాసున్నది?"

"అక్కా, జీపు వచ్చే యాళ్లయింది."

"అంగి ఎన్ని, దోతి ఎన్ని, రుమాలు ఎన్ని? ఏమని రాసున్నది?"

"బట్టల మాట లేదక్కా దాంట్ల."

"మరేమున్నది?"

"మూడెకరాలు ముట్టింది, ఇగ నేను అడిగేది లేదు అని."

"ముట్టిందా? నాకా? యాడ ముట్టిందిర ఐలేశం? ఏ గట్టు కింద? నాకెవ్వరు సూపియ్యలే గదర. నర్సింగా, నీకేమన్న చెప్పిండ్రా? తప్పు రాసినట్టున్నరే. నువ్వు పోయి జర సరిజేపియ్యుర ఐలేశం, నువ్వు ఆఫీసుల్నే ఉంటవు గద."

"బావా, నువ్వు మాట్లాడకు. నువ్వు గట్ల మాట్లాడితె నాకు..."

"ఎవరు రాపిచ్చిండ్రు?"

"అక్కా, మునిగినోళ్లకే భూమిస్తరట. నాకు మునగనీకె ఏముండె? మా నాయిన ఉన్నదంత అమ్ముకొని పాయె. గుడిసె గూడ మీ జాగల్నే ఉండె. ఎన్నిసార్లు అడిగినా, 'నీదేం మునిగిందిర' అని నవ్విండ్రు. నేను గూడ ఆ ఊరోన్నే గదక్కా. నాకు గూడ ఇద్దరు పిల్లలు."

"నీ ముచ్చట గాదు నేనడిగేది. ఎవరు రాపిచ్చిండ్రు?"

"జహాజుకు బావ పేరు చెప్పింది గందుకే. బట్టలంటె ముద్ర ఏస్తడని. ఒక్కపూటన్న బావ మంచిగ తింటడని గూడ అనుకున్న. ఒట్టు అక్కా, గది గూడ అనుకున్న."

"మా మూడెకరాలు యాడున్నయి ఐలేశం?"

"తూర్పు వాగు పక్కకు ఉన్నయక్కా. గుమస్తా మిర్గానికే, తొలకరి వానలకే, నాకిచ్చిండు, బావ ముద్ర తర్వాత తెమ్మన్నడు. దున్నిన, ఇత్తిన. గీ యాళ్లకు జొన్న నా మోకాలెత్తు వచ్చింది."